బడికి డబ్బివ్వడం వేరు, బడి పగ్గాలు పట్టుకోవడం వేరు: విద్యా చట్టాలు చేసేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాసనకర్తలకు, విద్యాశాఖ అధికారులకు,

నమస్కారం. నేను 31 ఏళ్లు ప్రభుత్వ బడిలో సోషల్ చెప్పి రిటైరైన టీచర్ని. మీలో చాలామంది పిల్లలకు మేలు చేయాలనే ఈ బాధ్యత తీసుకున్నారని తెలుసు. ఇన్నేళ్లు మీ ఉత్తర్వుల కింద పనిచేశాను కాబట్టి మీ ఇబ్బందులూ కొంత తెలుసు.

బడుల నిబంధనలు మారుస్తున్నాం, ముసాయిదా మీద అభిప్రాయాలు పంపండి అని మీరే అడిగారు. తల్లిదండ్రులం, టీచర్లం కూర్చుని ఒక్కో మాటా చూసుకుంటూ మూడుసార్లు రాశాం. మూడుసార్లూ అందినట్టు రసీదు వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. ముసాయిదాలో ఒక్క అక్షరం మారకుండానే అది నిబంధనైపోయింది. ఇక మీదట ప్రైవేటు బడైనా సరే, మీరు ఒప్పుకున్న పుస్తకం తప్ప ఇంకోటి చెప్పకూడదు. మీ కొలతలకు సరిపోని బడి తలుపులు తెరవకూడదు. విడిగా చెబితే వినలేదు కాబట్టి ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను.

ముందు నేను కళ్లారా చూసినదొకటి రాస్తాను. ఒక విద్యా సంవత్సరం మధ్యలో మా బడికి ఉత్తర్వు వచ్చింది. తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో ఒక పేరా తీసేశారట. కొత్త పుస్తకాలు అచ్చయ్యేదాకా ఆ పేరా మీద తెల్లకాగితం అంటించాలి. ప్రభుత్వం మారిన ఏడాది అది. పిల్లలకు గమ్ము సీసాలు పంచాను. 42 మంది తలలు వంచుకుని, అంచులు లేవకుండా, ఎంతో శ్రద్ధగా అంటించారు. అంతా అయ్యాక చివరి బెంచీలో ఒక అమ్మాయి ఆ పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. కాగితం వెనక అక్షరాలు కనిపిస్తున్నాయి. "సార్, ఇది తప్పా? నిరుడు మా అక్కకి పరీక్షలో ఇదే వచ్చింది" అంది. నా దగ్గర జవాబు లేదు. పుస్తకం కిందికి దించమన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ పేరా తప్పా ఒప్పా అన్నది నా గొడవ కాదు. రాసిన కమిటీ ప్రభుత్వానిదే, కొట్టేసిన కమిటీ కూడా ప్రభుత్వానిదే. ఒక ఆఫీసులో ఒక సంతకం పడితే లక్షల పుస్తకాల్లో నిన్నటి పాఠం ఇవాళ మాయమవుతోంది. అంత అధికారం ఒకే చోట ఎందుకుండాలన్నదే నా ప్రశ్న.

మనుషుల ఎంపిక మీద ప్రభుత్వ అధికారం వీలైనంత తక్కువగా ఉండాలని నేను నమ్ముతాను. దీన్ని లిబర్టేరియన్ వాదం అంటారు. తెలుగులో స్వేచ్ఛావాదం అనొచ్చు. ఈ పేరు వినగానే వీళ్లు ప్రభుత్వ బడులు మూసేయమంటారు, పేదవాళ్లను గాలికి వదిలేయమంటారు అని మీకు అనిపించొచ్చు. బడికీ ప్రభుత్వానికీ అసలు ఏ సంబంధమూ వద్దనేవాళ్లు ఈ వాదంలో ఉన్న మాట నిజమే. నేను అంతదూరం వెళ్లను. ఇంగ్లండు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో చెప్పిన మాట దగ్గరే ఆగుతాను. బిడ్డకు చదువు చెప్పించి తీరాలని ప్రభుత్వం తల్లిదండ్రులను గట్టిగా అడగొచ్చు, స్తోమత లేనివాళ్లకు ఫీజు కట్టొచ్చు. కానీ చదువంతా తన గుప్పిట్లో పెట్టుకోకూడదు, పెట్టుకుంటే మనుషులందరినీ ఒకే మూసలో పోస్తుంది. ఇదీ ఆయన వాదం. దాదాపు వందేళ్ల తర్వాత, 1955లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ కూడా ఇదే దారిలో వాదించాడు. చదువుకి ప్రభుత్వం డబ్బు పెట్టడానికి కారణాలున్నాయి, అంతమాత్రాన బడులను ప్రభుత్వమే నడపాలని లేదు, ఆ డబ్బును వోచరు రూపంలో, అంటే బడి ఫీజుకి చెల్లే చీటీగా, తల్లిదండ్రుల చేతికిస్తే బడిని వాళ్లే ఎంచుకుంటారు అన్నాడు.

మీరు ఈ రెండు పనులనూ కలిపి ఒకటి చేసేశారు. డబ్బు పెడుతున్నాం కాబట్టి పుస్తకం మేమే రాస్తాం, టీచర్ని మేమే వేస్తాం, పరీక్ష మేమే పెడతాం, మా బడి బాగుందో లేదో కూడా మేమే చెబుతాం అంటున్నారు. ఆ డబ్బు మేం కట్టిన పన్నే కదా. దీనివల్ల మామూలు కుటుంబాలకు ఏం జరిగిందో, ఏం జరుగుతోందో వరుసగా రాస్తున్నాను.

1. ఏ భాషలో చదవాలో, ఎంతవరకు ఎదగాలో కూడా పాలకులే తేల్చేశారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో జర్మన్ భాష మీద ద్వేషం పెరిగింది. 1919లో నెబ్రాస్కా రాష్ట్రం ఎనిమిదో తరగతి దాటనిదే ఏ బడిలోనూ పరాయి భాష నేర్పకూడదని చట్టం చేసింది. చర్చి బడిలో రాబర్ట్ మేయర్ అనే టీచరు పదేళ్ల పిల్లవాడికి జర్మన్‌లో బైబిల్ కథలు చదివించాడని 25 డాలర్ల జరిమానా వేశారు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది.

దక్షిణాఫ్రికాలో జరిగింది ఇంకా ఘోరం. 1953 దాకా నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది చదివింది మిషనరీ బడుల్లోనే. ఆ ఏడాది బంటూ ఎడ్యుకేషన్ చట్టం తెచ్చి, బడిని ప్రభుత్వానికి అప్పగించండి, లేదంటే గ్రాంటు వదులుకోండి అన్నారు. గ్రాంటు లేకుండా నడపలేక చాలా మిషన్లు బడులు అప్పగించాయి, కొన్ని మూసేశాయి. దయచేసి ఈ చోట కొంచెం ఆగి ఆలోచించండి. ఆ ప్రభుత్వం తుపాకీ తీయకముందే గ్రాంటుతో పని జరిపించుకుంది. ఆ తర్వాత నల్లపిల్లలకు కూలిపనికి సరిపోయే చదువు చాలన్నట్టు సిలబస్ తయారైంది. 1974లో సగం సబ్జెక్టులు తెల్ల పాలకుల భాష ఆఫ్రికాన్స్‌లో చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. 1976 జూన్ 16న నల్లజాతివాళ్లు ఉండే సొవెటో బస్తీలో వేలమంది విద్యార్థులు దాన్ని వద్దంటూ రోడ్డెక్కితే పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లలో బడి పిల్లలున్నారు.

2. "అక్కడ ఉన్నది జాత్యహంకార ప్రభుత్వం, మాది జనం ఓట్లేసిన ప్రభుత్వం" అంటారేమో. ఓట్లు కూడా ఈ అధికారానికి అడ్డుకట్ట వేయలేవు. 1922లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ప్రజలే ఓటింగులో ఒక చట్టాన్ని గెలిపించారు. దాని ప్రకారం, కొద్ది మినహాయింపులు పోను, 8 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలి. కేథలిక్కుల బడులను మూయించడమే అసలు ఉద్దేశం, దాని వెనక తెల్లజాతి ఆధిపత్యం కోరే కూ క్లక్స్ క్లాన్ అనే సంఘం ఉంది. సన్యాసినులు నడిపే ఒక బడీ, ఒక మిలిటరీ అకాడమీ కోర్టుకెక్కాయి. 1925లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఒకే మాటగా ఆ చట్టాన్ని కొట్టేశారు. పిల్లవాడు రాజ్యం తయారుచేసుకున్న వస్తువు కాదని, వాణ్ణి పెంచేవాళ్లకు వాడి బతుకుదారి చూపే హక్కు ఉందని చెప్పారు. చిన్న సమూహాల పిల్లలు ఎలా చదవాలో మెజారిటీ ఓటుతో తేల్చడం మొదలుపెడితే ఎవరికీ భద్రత ఉండదు. మెజారిటీ మారుతూ ఉంటుంది. ఇవాళ మీకు నచ్చిన సిలబస్ కోసం మీరు పోగేసుకున్న అధికారమే రేపు మీకు గిట్టనివాళ్ల చేతికి, అదే కుర్చీతో పాటు, వెళ్తుంది.

3. గోడలు కొలుస్తున్నారు, చదువు కొలవడం లేదు. మా వీధి చివర ఒకావిడ తన ఇంట్లోనే రెండు గదుల్లో బడి నడిపేది. ఇళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలు, రోజుకూలీల పిల్లలు వచ్చేవారు. ఫీజు రెండు మూడు విడతల్లో కట్టినా ఊరుకునేది. రెండో తరగతి పిల్లలు దారిలో కనిపించిన బోర్డులన్నీ గట్టిగా చదువుకుంటూ ఇంటికి పోయేవాళ్లు. ఇన్‌స్పెక్షనుకి వచ్చినాయన టేపుతో గదులు కొలిచాడు, ఆటస్థలం ఏదని అడిగాడు. ఒక్క పిల్లవాణ్ణి కూడా పిలిచి ఏదీ, ఈ వాక్యం చదువు అనలేదు. వారంలో సీలు పడింది. సీలు పడ్డ తర్వాత కూడా మూడు రోజులు ఇద్దరు అన్నదమ్ములు బ్యాగులు తగిలించుకుని వచ్చి ఆ మెట్ల మీద కూర్చున్నారు. వాళ్లమ్మ పని నుంచి వచ్చేదాకా ఇంటికి తాళం. వాళ్లకు వేరే బడి చూపించే బాధ్యత ఎవరిదో సీలు వేసిన కాగితంలో లేదు.

ఇది ఒక్క వీధి సంగతి అనుకోకండి. భారతదేశపు 2009 విద్యాహక్కు చట్టాన్నే చూడండి. టీచరుకో గది, ప్రహరీ గోడ, ఆటస్థలం, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు, ఇలా కొలతల పట్టిక ఉంది. అప్పటికే నడుస్తున్న బడులు మూడేళ్లలో వాటిని సమకూర్చుకోవాలి, లేకపోతే గుర్తింపు పోతుంది. మరుగుదొడ్డి, మంచినీళ్లు ఉండాలన్నది న్యాయమే, నేనూ అడుగుతాను. కానీ పిల్లలకు చదవడం వచ్చిందా అని అడిగే గడి ఆ పట్టికలో లేదు. పల్లె పిల్లలకు ఎంత చదువు వచ్చిందో ఇళ్లకు వెళ్లి చూసే సర్వే, 2018 అసర్ నివేదిక చూస్తే, గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది సగంమందే. గుజరాత్ 2012లో తన నియమాల్లో పాత ప్రైవేటు బడుల గుర్తింపుకి భవనం కన్నా పిల్లల చదువు ఫలితాలకే ఎక్కువ వెయిటేజీ ఇచ్చింది. అంటే మనసుంటే ఆ చట్టం లోపలే దారి దొరికింది.

4. ఎంచుకునే వీలు డబ్బున్నవాళ్లకు ఎప్పుడూ ఉంది. నచ్చకపోతే ఫీజు కట్టి వేరే బడిలో వేస్తారు, లేదా మంచి బడి ఉన్న చోటికి ఇల్లు మారుస్తారు. మీలో ఎంతమంది పిల్లలు మీరు నడిపే బడుల్లో చదువుతున్నారో నేను అడగను, మీ పిల్లల బడి ఎంచుకునే హక్కు మీకుంది. అదే హక్కు ఇళ్లలో గిన్నెలు తోమే తల్లికి ఎందుకు లేదు? 1990లో అమెరికాలోని మిల్వాకీలో పేద కుటుంబాలకు వోచర్లు తెచ్చే పోరాటంలో ముందు నిలిచింది పాలీ విలియమ్స్ అనే నల్లజాతి శాసనసభ్యురాలు. ఆవిడ డెమొక్రాటిక్ పార్టీ మనిషి. ఇది డబ్బున్నవాళ్ల వాదం అనేవాళ్లు ఆ సంగతి గుర్తు చేసుకోవాలి.

వోచరుతో చదువు ఏమవుతుందో లెక్కలు కూడా ఉన్నాయి. 2008 నుంచి నాలుగేళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ పల్లెల్లో లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడికి వెళ్లేందుకు వోచర్లిచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఫలితాలు లెక్కగట్టారు. తెలుగులో, లెక్కల్లో వోచరు పిల్లలూ ప్రభుత్వ బడి పిల్లలూ ఇంచుమించు సమానం. హిందీలో వోచరు పిల్లలు బాగా ముందున్నారు. అద్భుతమేమీ జరగలేదు, జరిగిందని నేను చెప్పను. కానీ ఆ ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్లవాడి మీద అయిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడోవంతు కూడా లేదు. మిగిలిన డబ్బుతో ఆ పిల్లలకే ఇంకెంత చేయొచ్చో ఆలోచించండి.

5. టీచరు గుమాస్తా అయిపోయాడు. నా ఆఖరి సంవత్సరాల్లో మొదటి పీరియడ్ మొత్తం హాజరు, స్టాకు, మరెన్నో వివరాలు ఎక్కించడానికే పోయేది. పిల్లలు పుస్తకాలు తెరుచుకుని నా మొహం చూస్తూ కూర్చునేవాళ్లు. పాఠం ఒక రోజు వెనకబడితే సంజాయిషీ అడిగారు గానీ, పిల్లలకు అర్థమైందా అని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

6. అధికారం పైకి పోయేకొద్దీ తల్లిదండ్రులకు అందకుండా పోతుంది. భారతదేశంలో విద్య మొదట రాష్ట్రాల జాబితాలో ఉండేది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో 42వ సవరణతో దాన్ని కేంద్రం కూడా చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోకి మార్చారు. బడిలో టీచరు రాకపోతే ఊళ్లో అడగొచ్చు. పుస్తకంలో తప్పుంటే ఎక్కడో రాజధానిలో ఉన్న కమిటీని ఏ తల్లి వెళ్లి అడుగుతుంది?

ఇక మీరు వేసే ప్రశ్నలకు వస్తాను. పగ్గాలు వదిలితే మోసగాళ్లు చేరరా, పేదవాళ్లు వెనకబడరా అంటారు. సరైన ప్రశ్నే. చిలీ 1981లో వోచర్లు మొదలుపెట్టింది. వోచరు మీద పైఫీజు వసూలు చేసుకోవడానికి, పిల్లలను ఏరుకోవడానికి చాలా బడులకు వీలుండటంతో ఉన్నవాళ్ల పిల్లలు ఒక చోట, లేనివాళ్ల పిల్లలు ఒక చోట చేరారు. 2008లో పేదపిల్లల వోచరు విలువ పెంచి, 2015 చట్టంతో పైఫీజులూ ఏరివేతలూ తీసేసే పని పెట్టుకున్నారు. స్వీడన్‌లో 1992 నుంచి బడి ఏదైనా పిల్లవాడి వెంట ప్రభుత్వ డబ్బు వెళ్తోంది. 2013లో అక్కడ ఒక పెద్ద బడుల కంపెనీ దివాలా తీసి వేలమంది పిల్లలు ఇబ్బంది పడ్డారు. నా వైపు వాదించేవాళ్లు ఈ రెండు సంగతులూ దాచకూడదు. వోచరు నియమాలు ఎలా రాస్తామన్నది చాలా ముఖ్యమని ఇవి నేర్పుతున్నాయి. అయితే బడులన్నీ తిరిగి ప్రభుత్వమే తీసుకోవాలని ఇవి రుజువు చేయవు.

బాగా నడిచిన చోట్లు కూడా చూడండి. నెదర్లాండ్స్‌లో మతసంస్థల బడులకు ప్రభుత్వ డబ్బు ఇవ్వాలా అన్న గొడవ తరతరాలు నడిచి, 1917లో రాజ్యాంగంలో పరిష్కారమైంది. ప్రభుత్వ బడికి ఇచ్చినంతా ఇతరులు నడిపే బడికి కూడా ఇవ్వాలి. ఇప్పుడు అక్కడ మూడింట రెండొంతుల పిల్లలు అలాంటి బడుల్లోనే చదువుతున్నారు. ఇన్‌స్పెక్షన్ ఉంది, ఉన్నత పాఠశాల చివర దేశవ్యాప్త పరీక్షలు ఉన్నాయి. మధ్యలో ఏ పుస్తకంతో ఎలా చెప్పాలన్నది బడి ఇష్టం. డెన్మార్క్‌లో చదువు తప్పనిసరే గానీ బడి తప్పనిసరి కాదు. అక్కడి రాజ్యాంగం 76వ నిబంధన ప్రకారం, ప్రభుత్వ బడితో సమానమైన చదువు తామే చెప్పించుకుంటే ప్రభుత్వ బడికే పంపమని తల్లిదండ్రులను ఎవరూ బలవంతపెట్టరు.

అందుకని మేం అడుగుతున్నవి ఇవి.

1. ఏ బడిలోనైనా ప్రభుత్వం ఒప్పుకున్న పుస్తకమే చెప్పాలన్న నిబంధన వెనక్కి తీసుకోండి. ఒక తరగతి ముగిసేసరికి పిల్లవాడికి ఏం రావాలో చెప్పండి, అంతవరకు మీ హక్కు. ఏ పుస్తకంతో నేర్పాలో బడికి, టీచరుకి వదిలేయండి.

2. ప్రభుత్వ పుస్తకంలో పాఠం తీసేస్తే, ఎవరు తీయమన్నారు, ఎందుకు తీశారు, ఎవరు వద్దన్నారు అన్నది అందరికీ తెలిసేలా ప్రకటించండి. విద్యా సంవత్సరం మధ్యలో ఏ మార్పూ చేయకండి.

3. బడి గుర్తింపుకి పిల్లల ప్రాణభద్రత, మంచినీళ్లు, మరుగుదొడ్లు తప్పనిసరి షరతులుగా ఉంచండి. మిగిలిన కొలతల స్థానంలో పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు వచ్చాయా అన్నది చూడండి. అదే పరీక్ష ప్రభుత్వ బడికి కూడా పెట్టండి. పరీక్షించే సంస్థ బడులు నడిపే శాఖ కింద ఉండకూడదు.

4. బడి మూయించాల్సి వస్తే, అందులోని ప్రతి బిడ్డకూ నడిచి వెళ్లే దూరంలో సీటు ఇప్పించాకే సీలు వేయండి.

5. ప్రభుత్వం ఒక బిడ్డ మీద పెట్టే ఖర్చు ఎంతో ఏటా ప్రకటించండి. ఆ డబ్బు బిడ్డ వెంట వెళ్లనివ్వండి. పేద ఇంటి బిడ్డకు, వికలాంగ బిడ్డకు ఎక్కువ ఇవ్వండి. ఆ డబ్బు తీసుకునే బడి పైఫీజు అడగకూడదు, పిల్లల్ని ఏరుకోకూడదు. ప్రభుత్వ బడి కావాలనుకునే కుటుంబానికి అది ఎప్పటిలాగే ఉండాలి.

6. గ్రాంటును బెదిరింపుగా వాడకండి. నమ్మకం వల్లనో, బోధనాభాష వల్లనో, పాఠం చెప్పే పద్ధతి వల్లనో బడికి డబ్బు ఆపకూడదని చట్టంలోనే రాయండి. 1948 మానవ హక్కుల ప్రకటన 26వ అధికరణం పిల్లలకు ఎలాంటి చదువు కావాలో ఎంచుకునే ముందు హక్కు తల్లిదండ్రులదని చెప్పింది. 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒప్పందం 13వ అధికరణం కనీస ప్రమాణాలకు లోబడి బడి పెట్టుకునే స్వేచ్ఛ ఇచ్చింది. మేం కొత్తగా ఏమీ కోరడం లేదు.

7. మేం రాసిన మూడు ఉత్తరాలకు పాయింటు వారీగా జవాబివ్వండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో రాయండి. ఆ జవాబు వచ్చేదాకా కొత్త నిబంధనలు ఆపండి.

ఈ నిబంధనల మీద తల్లిదండ్రుల ముందు బహిరంగ విచారణ పెట్టమని ఆఖరుగా అడుగుతున్నాను. ఎక్కడ పెట్టినా నేను వస్తాను. గమ్ముతో కాగితం అంటించిన ఆ తొమ్మిదో తరగతి పుస్తకం ఒకటి నా దగ్గరే ఉంది. వచ్చేటప్పుడు తెస్తాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మీలో ఎవరైనా జవాబు చెబితే వింటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రభుత్వ ఉపాధ్యాయుడు